వార్తలక్క మాట

మెదక్ పట్నంల ఏడు గంటల కేబుల్ వార్తలు పంతొమ్మిదేండ్ల సంది ఎలిశిబానే చదువుతుంది. చిన్నప్పటి నుంచి చర్చిల వాక్యం చదివిన గొంతు, ఒక్క అక్షరం తడబడదు. వార్తలైనంక ఐదు నిమిషాలు ఎవరిదో ఒకరి కష్టం చెప్తుంది. ఆ ఐదు నిమిషాలతోనే ఎందరికో మూడు చక్రాల బండ్లు వచ్చినయి, ఆగిన పింఛన్లు కదిలినయి, ఆపతిల రక్తం దొరికింది. వార్తలక్క చెప్పిందంటే నిజమే అయి ఉంటదని జనం నమ్మకం. ఆ నమ్మకాన్ని చూసుకొనే ఆమె బతుకుతుంది.

శంకరంపేట దిక్కు నుంచి భూలక్ష్మి కూడా ఆ నమ్మకంతోనే వచ్చింది. ఆమె పెనిమిటి భూమయ్య రైస్ మిల్లుల పనిచేస్తుంటే బెల్టుల చిక్కి కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. మిల్లోళ్ళు దవఖాన కాడ దింపి పోయిన్రు, మళ్ళ మొఖం చూపలే. ఎలిశిబా కెమెరా పట్టే రిచర్డ్‌ను తీసుకొని వాళ్ళింటికి పోయింది. భూలక్ష్మి పెట్టిన చాయ్ తాగుకుంట భూమయ్యతోటి గంటసేపు మాట్లాడింది. సాయంత్రం టీవీల చెప్పింది, భూలక్ష్మి ఏడ్చుకుంట చెప్పిన మాటలు గూడ చూపెట్టింది. తెల్లారేసరికి ఊరోళ్ళు బియ్యం, పప్పు పోగుచేసి తెచ్చిచ్చిన్రు.

అదే రోజు మధ్యాహ్నం ఛానెల్ ఓనర్ ఇంద్రకరణ్ ఆమెను పిలిచిండు. ఆ మిల్లు ఆయన బామ్మర్దిది. ఆ సంగతి ఎలిశిబాకు అప్పుడే తెలిసింది. ఆయన ఒక కాగితం ముందట పెట్టిండు. భూమయ్య తాగి పనికొచ్చిండని, తన తప్పుతోనే చెయ్యి పోగొట్టుకున్నడని, భార్య అబద్ధం చెప్పిందని అండ్ల రాసుంది.

"సార్, ఆయన తాగడు. నేను చూసొచ్చిన."

"నువ్వేం చూసినవో ఎవలడిగిన్రు? సదువు."

"నేను సదవను సార్."

ఇంద్రకరణ్‌కు కోపం రాలే. "మంచిది. స్నిగ్ధ సదువుతది. ఆ ఏడుపు నువ్వే నేర్పించినవని, గిన్నేండ్ల సంది గట్లనే అందర్ని ఏడ్పిస్తున్నవని గూడ సదువుతది. కొత్తపిల్ల, ఏమిస్తే అది సదువుతది."

ఎలిశిబా కాగితం తీసుకుంది. సాయంత్రం చదివేటప్పుడు తన గొంతు తడబడితే జనం పోల్చుకుంటరేమో అని లోపల చిన్న ఆశ పెట్టుకుంది. గొంతు తడబడలే. ఎప్పటి లెక్కనే నిమ్మళంగ, తేటగ వచ్చింది.

స్నిగ్ధ చదివి ఉంటే సగం మందన్న అనుమానపడేటోళ్ళు. చదివింది వార్తలక్క కాబట్టి అందరు నమ్మిన్రు. ఊరోళ్ళు రావుడు బంద్ చేసిన్రు. చాయ్ హోటల్ల భూమయ్య కూసుంటే పక్కాయన లేచి పోయిండు. మనోహరాబాద్‌ల వాచ్‌మన్ పని ఇస్తమన్నోళ్ళు తాగుబోతు మాకొద్దన్నరు.

వారం తర్వాత ఎలిశిబా స్టూడియోకు వచ్చేసరికి భూలక్ష్మి మెట్ల మీద కూసోని ఉంది. చూసి లేచి నిలబడ్డది.

"ఆయన తాగడక్కా. నీకెవలో తప్పు చెప్పినట్టున్నరు."

"ఎవలు చెప్పలే," అంది ఎలిశిబా. "తాగడని నాకు తెలుసు."

ఆ మాట అర్థం కానీకి భూలక్ష్మికి జరసేపు పట్టింది. "తెలిసే సదివినవా?"

ఎలిశిబా తల దించుకుంది.

"మరి ఇయ్యాల నిజం సదువక్కా. నువ్వు చెప్తేనే నమ్ముతరు."

"సదవనియ్యరు భూలక్ష్మీ."

భూలక్ష్మి మెట్లు దిగి బస్టాండ్ దిక్కు పోయింది.

ఆదివారం చర్చిల ఎలిశిబాకు కూసోబుద్ధి కాలే. సగంలనే లేచొచ్చి, ఆటోల బియ్యం బస్తా ఏసుకొని ఆ ఊరికి పోయింది. భూలక్ష్మి తలుపు కాడ నిలబడి బస్తాను చూసింది, ఆమెను చూడలే. లోపల పిల్లలు ఆకలి మీదున్నరు. బస్తాను లోపలికి గుంజుకొని తలుపేసుకుంది.

బస్తా ఆటోల ఎక్కిచ్చింది రిచర్డే. ఆయన ఇంద్రకరణ్‌కు ఫోన్ల చెప్పిండు, ఓనర్ పొమ్మంటే బండి మీద ఎనకాలే పోయి అంతా దూరం నుంచి తీసిండు.

సోమవారం కాగితం మీద ఇట్ల ఉంది: 'అబద్ధమాడి మా ఛానెల్‌ను బద్నాం చేసిన మహిళను క్షమించి, ఆమె పిల్లల ఆకలి తీర్చిన మా ఎలిశిబా.' భూలక్ష్మి బస్తా గుంజుకునే బొమ్మను మూడుసార్లు తిప్పి తిప్పి చూపెట్టిన్రు. ఎలిశిబా చదివింది. ఈసారి ఆమెను ఎవలు బెదిరియ్యలే.

మంగళవారం పొద్దుగాల శంకరంపేట ఆటో ఆయన ఆ బస్తాను తెచ్చి స్టూడియో ముందట దించిండు.

"పిల్లలు రెండు పూటలు తిన్నరటక్కా," అన్నడు. "ఆ తిన్న బియ్యం గూడ భూలక్ష్మి కూలి దొరికినంక పంపిస్తదట."