అడుగున పడ్డ పేర్లు

ఆ ప్రోగ్రాం రాసింది నేనే. తప్పూ నాదే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

2020 మే నెల. లాక్‌డౌన్‌తో సూరత్‌లో మరమగ్గాల సాంచెలన్నీ ఆగిపోయాయి. నవాగామ్‌లోని మా తెలుగు నేత కార్మికుల కోసం ఊళ్లకు రైలు వేస్తామన్నారు. పేర్లు ఎక్కించే పని మా సంఘం పెద్ద కమలాకరన్నది. కంప్యూటర్ డిప్లొమా చదువుతున్నానన్న గర్వంతో, సంఘం గదిలోని పాత కంప్యూటర్లో నేనే ప్రోగ్రాం రాసిపెట్టాను. కొత్త పేరు పైన కనబడాలని అన్న అడిగితే అలాగే చేశాను. మా గల్లీవాళ్ల పది పేర్లు కొట్టి చూసుకుని మురిసిపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్న తెర మీద చూస్తూ పేర్లు కాగితం మీద రాస్తున్నాడు. సాయంత్రానికి జాబితా పంపాలి. అప్పుడొచ్చింది మా పక్క ఒంటిగది ఖోలీలో ఉండే గంగవ్వ. ఊళ్లో ఆమె కూతురికి నెలలు నిండాయి.

“మొదటి రోజే రాయించిన గదా కమలాకరూ!”

“నీ పేరు కనవడ్తలేదవ్వా. నూరు పేర్లు కొట్టిన, ఇరవయ్యే ఉన్నయి. తక్కినయి మిషిన్ మింగినట్టుంది.”

“గట్లెట్లయితది? వినోదా, జర చూడు బిడ్డా. పిల్లకు నేను తప్ప ఎవ్వలు లేరు.”

చూశాను. తెర అడుగున ఇరవై ఒకటో పేరుకు తలకట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పేర్లు ఎక్కడికీ పోలేదు. కిందికి జరిపి చూసే వీలు నేను పెట్టనేలేదు. అందరికన్నా ముందొచ్చి రాయించుకున్నవాళ్లే అడుగున పడ్డారు.

జాబితానంతా స్క్రోల్ అయ్యే పెట్టెలో కూర్చోబెట్టడానికి గంట పట్టింది. చివరికి కుడిపక్కన సన్నటి పట్టీ వచ్చింది. దాన్ని మౌస్‌తో కిందికి లాగుతుంటే బుచ్చిరాములు, సాంబయ్య, సారక్క ఒక్కొక్కరే బయటపడ్డారు. అట్టడుగున గంగవ్వ.

అక్కడ నా చెయ్యి ఆగింది. అమ్మ మిల్లుకు వెళ్తే నాకు జడలేసి, తినిపించి బడికి పంపింది గంగవ్వే. గోడకవతల ఆమె రొట్టెలు చరిచే చప్పుడుతోనే నాకు తెల్లారేది. వెళ్తే కూతురిని వదిలి మళ్లీ రాదు. పేరు లేదంటే నా మాట నమ్ముతుంది.

“ఉన్నదా బిడ్డా?”

“ఉన్నదవ్వా,” అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆమె ఖోలీలో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. పొద్దున్నే మెలకువ వస్తే ఆ గోడకేసి చెవి పెడతాను.

“నీ పుణ్యాన మనవరాలిని ఎత్తుకున్న బిడ్డా,” అంటుంది ఫోన్ చేసినప్పుడల్లా. ఆ రోజు నా చెయ్యి ఆగిందని ఆమెకింకా చెప్పలేదు.