గంజి పురుగు

గంజి పెట్టిన నూలుకు పురుగు పట్టడం మా సాలెవాడలో వింత కాదు. అందుకే నూలు పురుగులు తన తోలు కిందికి దూరాయని నా పెనిమిటి కైలాసం అన్నప్పుడు మెట్‌పల్లిలో ఎవరూ నవ్వలేదు. నేనైతే ఆరు నెలలు నూలు ఉడకబెట్టాను, ఇల్లంతా వేపాకు పొగ వేశాను, కుండలకొద్దీ గంజి పారబోశాను. బుద్ధి ఉన్నదాన్ని కాను మరి.

పురుగులు నాకు అంటుకుంటాయని ఆయన నన్ను ముట్టుకోవడమే మానేశాడు. నూలు కండె చుట్టి చేతికివ్వబోతే కింద పెట్టమనేవాడు. పడక మగ్గం దగ్గరికి మార్చుకున్నాడు. ఒకే ఇంట్లో ఉన్న మనిషి కోసం నా ప్రాణం కొట్టుకునేది. దేశం పోయిన మొగుడికైతే ఉత్తరమైనా రాయించవచ్చు.

పంతొమ్మిది వందల అరవై మూడులో కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాను. గోకి తీసిన పురుగులని ఆయన ఒక అగ్గిపెట్టె తెచ్చాడు. డాక్టరు నవ్వలేదు. భూతద్దం పెట్టి చూసి, ఆయనను బయట కూర్చోబెట్టి, అవి నూలుపోగులూ తోలుపొట్టూ అని నాకు చెప్పాడు. రాసిచ్చిన గోలీలు పిచ్చికి కూడా ఇచ్చేవేనని తెలిసి, నా మొగుడు పిచ్చోడా అని డాక్టరు మీదికే లేచాను.

"పురుగు లేదమ్మా, బాధ మాత్రం నిజం," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "ఉందని అనకు, లేదని కొట్లాడకు. గోలీ ఆపకు."

మొదట్లో ఎప్పుడు చూసినా నిద్రే. నోరెండిపోయేది, మగ్గం మీదే తూగేవాడు. ఉన్న మనిషిని కూడా పోగొట్టుకున్నానా అని ఏడ్చాను. రెండో నెలలో గోకుడు తగ్గింది. పుండ్లు మానాయి.

ఒక పొద్దున వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"నా మీదియి పోయినయి అనసూర్య. నీకేమన్న అంటినయా? చెయ్యి ఇటియ్యి, సూస్త."

ఏడాదికి నా చెయ్యి ఆయన చేతిలో పడింది. తెగిన పోగు కోసం వెతికినట్టు ఒక్కొక్క వేలూ తిప్పి చూశాడు. ఎక్కడన్నా దురద పెడుతున్నదా అని అడిగాడు.

ఔనంటే చాలు, ఇంకొంతసేపు వదలడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను మింగేశాను.

"లేదయ్య. ఏం లేదు."

"మంచిగైంది," అని చెయ్యి వదిలి, మగ్గం గుంటలోకి దిగాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.