ఉన్నవా అని అడగని రోజు

నేను ఒక మోకును. పట్నంలో పెరిగినవాళ్ళకు ఆ మాట కొత్త కావచ్చు కనుక చెబుతాను. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడును మోకు అంటారు. అతను వెనక్కి వాలితే ఆ బరువంతా నాదే. పైన కల్లుకుండ, కింద నేల, నడుమ నేను. మొదలుపెట్టడం దర్జాగానే మొదలుపెట్టాను గానీ, చెప్పబోయే సంగతిలో దర్జా ఏమీ లేదు. లోపల దాచుకోలేక చెబుతున్నాను.

నన్ను పేనింది లింగస్వామి. ఒక ఎండాకాలమంతా తాటిమట్టలు నానేసి, బండ మీద కొట్టి, నార తీసి, మూడు పురులుగా పేనాడు. రెండో కొస పట్టుకుని నిలబడింది అతని భార్య అండాలు. ఆమె చెయ్యి సడలినప్పుడల్లా లింగస్వామి విసుక్కునేవాడు. పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్ళు అతనివి కావు కదా అని ఆమె సణిగేది. అలా ఇద్దరి విసుగూ కలిసి తయారైన తాడును నేను. గట్టిగానే తయారయ్యాను.

ఆ ఏడే వాళ్ళ కొడుకు సీలాసు డిగ్రీలో చేరాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అతనే. పెళ్ళయిన ఏడేళ్ళకు ప్రార్థన చేయించుకుంటే పుట్టాడని అండాలు అతనికి బైబిల్లోని ఆ పేరు పెట్టుకుంది. లింగస్వామి మాత్రం గుడికీ పోడు, చర్చికీ పోడు. పొద్దున చెట్టుకు పోతాడు, సాయంత్రం చెట్టుకు పోతాడు.

అతనికి ఒక అలవాటు ఉండేది. ఏ చెట్టు దగ్గరికి వెళ్ళినా నన్ను చుట్టుకుని, నేల నుంచి అడుగెత్తు ఎక్కి అక్కడ ఆగేవాడు. వెనక్కి పూర్తిగా వాలి, ఒక ఊపు ఊగి, "ఉన్నవా?" అనేవాడు. నేను కిర్రుమనేదాన్ని. ఆ కిర్రు విన్నాకే పైకి పోవడం. నార పొడిబారితే నా గొంతు మారేది. ఆ పూట చెట్టెక్కడం మానేసి, అరుగు మీద కూర్చుని నాకు ఆముదం పట్టించేవాడు. రోజుకు పది చెట్లు, రెండు పూటలు, ఆరేళ్ళు. ఆ మాట అడగకుండా ఒక్క చెట్టు కూడా ఎక్కలేదు. నేను అతన్ని ఒక్కసారి కూడా జారనివ్వలేదు.

తరవాత గీత కార్మికులకు నైలాను మోకులూ ఇనుప కొక్కేలూ వచ్చాయి. నన్ను గోడకున్న మేకుకు తగిలించారు. అక్కడే పడి ఉంటే ఎంత మర్యాదగా ఉండేదో.

అప్పటికే సీలాసు డిగ్రీ పూర్తిచేసి, టౌనులో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు టీచరుగా చేరి ఉన్నాడు. అక్కడి చర్చిలో యూత్ వాళ్ళతో కలిశాడు. వాళ్ళకు గుట్టలెక్కడం ఒక ఆనవాయితీ. ఎండలు ముదరకముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి జాలుబండ గుట్ట ఎక్కుతారు. పైన పాటలు, ప్రార్థన, పులిహోర. తరవాత ఒక్కొక్కరూ లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు. దిగేటప్పుడు దారిలో ఒక నున్నటి బండ ఉంది. రెండు నిలువుల ఎత్తు, ఎప్పుడూ కాస్త నీళ్ళు జాలువారుతూనే ఉంటుంది. అక్కడ తబిత అనే నర్సింగ్ చదివే అమ్మాయి ఒకసారి జారబోయింది. తాడు ఒకటి ఉండాలి అన్నాడు యూత్ నాయకుడు జోయెలన్న. నేను తెస్తానన్నాడు సీలాసు.

మేకు నుంచి దించి నన్ను కొడుకు చేతిలో పెడుతూ లింగస్వామి రెండే మాటలు చెప్పాడు. "ఆముదం మర్వకు. మనిషిని ఎక్కియ్యక ముందు నువ్వు అడుగు మీద వాలి సూడు. మోస్తదో మొయ్యదో అదే చెప్తది."

సీలాసు గదికి చేరాక నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆరేళ్ళ కల్లు వాసన ఊరికే పోతుందా? ఆ చర్చిలో కల్లు మాట ఎత్తితేనే తలలు వంగుతాయి. వాళ్ళ నాయన వ్యవసాయం చేస్తాడని అక్కడ చెప్పుకున్నాడు సీలాసు. తన ఫీజులన్నీ ఏ చెట్ల మీది నుంచి దిగివచ్చాయో అతనికి తెలుసు, నాకూ తెలుసు. మూడో మనిషికి తెలియకుండా చూసుకున్నాడు.

నన్ను వేడినీళ్ళ బకెట్లో సర్ఫు వేసి రెండు రోజులు నానబెట్టాడు. బ్రష్షుతో రుద్దాడు. ఇంటిపైన రేకుల మీద వారం రోజులు ఎండబెట్టాడు. నాలోని ఆముదమంతా కారిపోయింది. లోపల నార పెళుసెక్కుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. చివరికి రెండు కొసలకూ నీలం టేపు చుట్టాడు. అద్దం లాంటిది ఏదైనా ఉంటే చూసుకోవాలనిపించింది. కొత్తగా ఉన్నాను.

ఎక్కడిదని జోయెలన్న అడిగితే, హైదరాబాదులో ట్రెక్కింగ్ సామాన్ల షాపు నుంచి తెప్పించానన్నాడు సీలాసు. ఆ ఒక్క మాటతో ఆగిపోయేదేమో. కానీ జోయెలన్న దాన్ని ఆదివారం కూటంలో చెప్పాడు. మన సీలాసు తమ్ముడు తన కష్టార్జితంతో సంఘానికి తాడు కొన్నాడని అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు కొట్టాక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం మనుషులకు ఎంత కష్టమో ఆ రోజు చూశాను. నేను వెంట వెళ్ళిన మొదటిసారి గుట్ట మీద అతను సాక్ష్యం కూడా చెప్పాడు. కొనే స్తోమత లేకపోయినా దేవుడు దారి చూపించాడని. అతని గొంతు వణికింది. భక్తి వల్ల అనుకున్నారు.

అతన్ని ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు. ట్రెక్కింగ్ తాడు అని పిలిపించుకోవడం నాకూ నచ్చింది. ఫోటోలో నన్ను మధ్యలో చుట్టగా పెట్టి అందరూ చుట్టూ నిలబడ్డారు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. పాస్టరుగారి భార్య ప్రిస్కిల్లమ్మను అందరూ పాస్టరమ్మ అంటారు. యాభై దాటిన మనిషి, అయినా పిల్లలతో పోటీపడి ఎక్కింది. పైనుంచి చూస్తే దిగువన తాటివనం. ఒక చెట్టు మీద చీమంత మనిషి వెనక్కి వాలి వేలాడుతున్నాడు. తబిత అతన్నే చూస్తూ, అంత ఎత్తున అలా వెనక్కి ఎలా వాలగలుగుతాడో, ఎంత ధైర్యమో అంది. పాస్టరమ్మ అందరినీ కళ్ళు మూసుకోమని, కల్లు గీసేవాళ్ళను ఆ పాపపు పనిలోనుంచి విడిపించమని ప్రార్థన చేసింది. చివర అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సీలాసే. నేను అతని ఒళ్ళోనే ఉన్నాను.

ఆ మొదటిసారి బండ మీద తడి తక్కువ, నా మీద ఎవరూ బరువు వెయ్యలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు వానలు తగ్గి వారమే అయింది. బండ మీద నాచు మెరుస్తోంది. దిగే సమయానికి జోయెలన్న నన్ను బండ పైనున్న చెట్టు మోడుకు కట్టి, రెండో కొస కిందికి వేశాడు. "చూడు తమ్మీ, ఒకసారి. నీ తాడు నీకే తెలుసు" అన్నాడు.

సీలాసు నా దగ్గరికి వచ్చాడు. చెయ్యవలసిందేమిటో అతనికి తెలుసు. బండ మీద అడుగు కిందికి దిగి, నన్ను నడుముకు చుట్టుకుని, వెనక్కి పూర్తిగా వాలి అడగాలి. చిన్నప్పటి నుంచి నాయన వెంట తోటకు తిరిగినవాడు, ఆ వాలడం అతని వెన్నులోనే ఉంది. అదే అతని భయం. అలా వాలేది ఎవరో ఆ రోజు గుట్ట మీది నుంచి తబిత చూసింది. అందరూ అతని వైపే చూస్తున్నారు. అతను రెండు చేతులతో నన్ను రెండుసార్లు గుంజాడు. "బాగనే ఉంది" అన్నాడు.

అతని నడుము నా మీద వాలి ఉంటే నేను దాచగలిగేదాన్ని కాదు. చేతుల గుంజుడుకు మాత్రం పలకవచ్చు, పలకకపోవచ్చు. నా నార పెళుసైందని నాకు తెలుసు. కిర్రుమని ఉంటే అతను గుర్తుపట్టేవాడు. నేను కొత్త తాడులా ఊరుకున్నాను.

నలుగురు దిగారు. ఐదో మనిషి పాస్టరమ్మ. సగం దిగాక నాలో ఒక పురి తెగింది. మిగతా రెండూ దాని వెనకే పోయాయి. ఆమె ఆ ఎత్తు నుంచి బండ మీద జారుతూ పోయి కింద రాళ్ళలో పడింది. అరవలేదు. లేచి కూర్చుని, వంకరపోయిన ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుంది. పైన మిగిలినవాళ్ళు చుట్టుదారిన దిగి వచ్చారు. తబిత తన చున్నీతో ఆమె చేతికి కట్టు కట్టింది. జోయెలన్నకు కోపం ఆగలేదు. ఏ షాపువాడు అంటగట్టాడో చెప్పు, ఈ ముక్కలు పట్టుకుపోయి వాణ్ణి నిలదీస్తానన్నాడు. సీలాసు తల ఊపాడు. ముక్కలు ఏరి తన సంచిలో వేసుకున్నాడు.

ఆ ముక్కలు జోయెలన్న చేతిలో పడకూడదని, శనివారం బడి వదలగానే నన్ను సంచిలో పెట్టుకుని ఊరికి బస్సెక్కాడు. గడ్డివాములో దాచేద్దామనుకున్నాడో ఏమో. లింగస్వామి వాకిట్లోనే ఉన్నాడు. సంచి తీసుకుని నన్ను బయటికి లాగాడు. తెగిన చోటును వేళ్ళతో తడిమాడు.

"ఎవరన్న పడ్డరా?"

పాస్టరమ్మ పడిందని, చెయ్యి విరిగిందని సీలాసు చెప్పాడు.

లింగస్వామి నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఉతికినవా?" అన్నాడు. అడిగినట్టు కూడా లేదు. సీలాసు గోడ వైపు చూశాడు. లింగస్వామి ఇంకేమీ అడగలేదు. ఎందుకు ఉతికాడో అడగలేదు. అదే మా ఇద్దరికీ పెద్ద శిక్ష.

రేపు వచ్చి ఆమెను చూస్తానన్నాడు. వద్దులే నాయనా, నేను చెప్తానులే అని సీలాసు రకరకాలుగా ఆపబోయాడు. బస్సులు సరిగ్గా ఉండవన్నాడు. ఆదివారం ఆమె తీరిగ్గా ఉండదన్నాడు. లింగస్వామిది ఒకటే మాట. "నా మోకు తెగి పడ్డ మనిషి. నేను పోయి సూడకుంటె ఎట్ల?"

ఆరాధన ముగిసే వేళకు తండ్రీ కొడుకూ పాస్టరుగారింటి వరండా ముందుకు వచ్చారు. లింగస్వామి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిసంచిలో ఆమెకని అరటిపళ్ళు, వాటి పక్కన నేను. పాస్టరమ్మ పిండికట్టు చేతితో కుర్చీలో కూర్చుని ఉంది. జోయెలన్న, తబిత అక్కడే ఉన్నారు. సీలాసు నాలుగడుగుల దూరంలో, ఎవరితో వచ్చాడో తెలియకుండా నిలబడ్డాడు.

లింగస్వామి నన్ను బయటికి తీసి రెండు ముక్కలూ అరచేతుల్లో పట్టుకున్నాడు. "దండం అమ్మా. గీ మోకు నేను పేనిందే. తెగి మీకు దెబ్బ తాకింది. తప్పు నాదే" అన్నాడు.

జోయెలన్నకు అర్థం కాలేదు. "మీరు వేరే తాడు అనుకుంటున్నరు పెద్దాయనా. అది షాపు తాడు. మన సీలాసు హైదరాబాదు నుంచి తెప్పిచ్చిండు."

లింగస్వామి కొడుకు వైపు చూశాడు. ఎంతోసేపు కాదు. చెట్టు మీద నా కిర్రు వినడానికి అతనికి పట్టేంత సేపు. అంతా అర్థమైపోయింది. మళ్ళీ జోయెలన్న వైపు తిరిగి, "గట్లనా సారు. అయితె నేనే పొరపడ్డ. కండ్లు సరిగ్గ కనవడుతలేవు" అన్నాడు. నన్ను గబగబా సంచిలో కుక్కాడు. అరటిపళ్ళు వరండా గట్టు మీద పెట్టి, మెట్ల వైపు నడిచాడు.

ఆ సంచిలో ఎంత చీకటో చెప్పలేను. ఆరేళ్ళు నేను మోసిన మనిషి, నన్ను తన తాడు కాదని చెప్పి మోసుకుపోతున్నాడు. నా కోసం కాదు, కొడుకు పరువు కోసం. నాకు నోరుంటే బాగుండుననిపించింది. నోరున్నవాడు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. మొదటి మెట్టు దిగాం. రెండో మెట్టు దిగాం.

"నాయనా, ఆగు."

సంచి ఆగింది.

సీలాసు మాట్లాడటం మొదలుపెట్టాడు. పాఠం చెప్పే గొంతు కాదు, సాక్ష్యం చెప్పే గొంతూ కాదు. "అన్నా, అది షాపుది కాదు. మా నాయన మోకు. మా నాయన కల్లు గీస్తడు. నేను చదివిన చదువంత అదే." కొంచెం ఆగాడు. "వాసన వస్తదని సర్ఫుల నానవెట్టి పాడుచేసింది నేను. వాలి సూడమని నాయన చెప్పిండు. మీరు చూస్తరని వాలలే. అమ్మను పడేసింది నేను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జోయెలన్న గట్టు మీది అరటిపళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. తబిత లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి లింగస్వామి ముందు వేసింది. అతను కూర్చోలేదు. పాస్టరమ్మ సీలాసు వైపు తిరిగి అడిగింది.

"ఆ రోజు గుట్ట మీద నేను ప్రార్థన చేస్తె, ఆమెన్ అన్నవు గదరా సీలాసూ?"

"అన్న అమ్మా."

ఆమె తల దించుకుంది. "నేను పేరన్న తెలుసుకోకుండ ప్రార్థన చేసిన" అంది. తరవాత లేచి నిలబడి, మంచి చేత్తో కుర్చీని కాస్త ముందుకు జరిపింది. "కూసోండి. మీ పేరేంది?"

లింగస్వామి పేరు చెప్పి కూర్చున్నాడు. కుర్చీ అంచు మీద, ఎప్పుడైనా లేవడానికి సిద్ధంగా. చాయ్ వచ్చింది. అంతా సర్దుకుపోయిందని నేను చెప్పను. ఆ తరవాత కొన్ని వారాలు సీలాసు కూటంలో వెనక బెంచీలో కూర్చున్నాడు. పాస్టరమ్మ చెయ్యి అతుక్కుంది గానీ, ఇప్పటికీ బిందె ఎత్తేటప్పుడు ఆ చెయ్యి వాడదు. అది చూసినప్పుడల్లా సీలాసు పరుగెత్తి బిందె అందుకుంటాడు. ఆమె వద్దనదు.

నా పొడుగు ముక్కను లింగస్వామి మేకకు కట్టుకున్నాడు. పొట్టి ముక్కకు మాత్రం తన చేత్తో ఆముదం పట్టించి కొడుక్కి ఇచ్చాడు. ఆ ముక్కే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది. యూత్ వాళ్ళు గుట్టకు పోయేటప్పుడు పులిహోర గిన్నె మూతకు నన్ను కడతారు. బరువు మొయ్యడానికి నైలాను తాడు ఉంది.

జాలుబండ దగ్గరికి రాగానే అందరూ ఆగుతారు. సీలాసు ఆ తాడును మోడుకు కట్టి, నడుముకు చుట్టుకుని, అడుగు కిందికి దిగుతాడు. అందరూ చూస్తుండగా వెనక్కి పూర్తిగా, వాళ్ళ నాయన వాలినట్టే వాలుతాడు. ఒక ఊపు ఊగి, బయటికే అడుగుతాడు.

"ఉన్నవా?"

నైలానుకు కిర్రుమనడం రాదు. గిన్నె మూత మీద నుంచి నేనే కిర్రుమంటాను. ఎవరికీ వినపడదు. ఆ రోజు గుంజినప్పుడే పలకవలసింది, పలకకుండా ఊరుకున్నాను. ఇప్పుడు నన్నెవరూ అడగడం లేదని తెలిసి కూడా పలుకుతున్నాను.