చల్లటి టోఫూకి తిరగమోత

టోఫూ అంటే నాకు ఒళ్ళుమంట. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. సోయా పాలు విరగ్గొట్టి చేసే, ఉప్పూ కారం లేని ఆ తెల్లముద్దని చూసి లొట్టలు వేసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ అనుమానమే. అలాంటివాణ్ణి, రెండువేల ఆరు డిసెంబరులో, హేమిల్టన్ దగ్గర రోటోటూనాలోని మా ఇంట్లో, దాన్ని నా చేతులతో నేనే కోసి రోజూ నా భార్యకి పెట్టాను.

వేదవతికి జబ్బు కడుపులో. దాని పేరు చెప్పను. ఆ పేరు డాక్టర్లతోనూ, ఆఫీసులోనూ, ఇండియా ఫోన్లలోనూ పలికి పలికి నాకు విసుగెత్తిపోయింది. ఆసుపత్రిలో మందు ఎక్కించి పంపేవాళ్ళు. ఇంటికొచ్చాక తనకి ఏ వాసనా పడేది కాదు. అన్నం ఉడికినా కష్టమే, కాఫీ కలిపినా కష్టమే. అన్నిటికంటే తిరగమోత. మా గుడివాడ వైపు తిరగమోత అంటాం, మీరు పోపు అనుకోండి, తాలింపు అనుకోండి. నూనెలో ఆవాలు పడితే చాలు, పడగ్గదిలోంచి లేచి బాత్రూమ్‌కి పరుగెత్తేది. రోటోటూనాలో ఏ తెలుగువాళ్ళ ఇంట్లో వ్రతం జరిగినా పులిహోరకి తిరగమోత పెట్టడానికి వేదవతినే పిలిచేవాళ్ళు. ఆ మనిషికి ఈ గతి పట్టింది.

"వెయిట్ ఇంకా తగ్గితే తరవాతి మందు ఎక్కించలేం, ఏదో ఒకటి తినిపించండి" అని నర్సు మరీ మరీ చెప్పింది. ఏదో ఒకటి! చెప్పడానికేం, తేలికే. నాకు నీళ్ళు కాచడం తప్ప వంట రాదు, మాకు పిల్లలు లేరు. వేద రోజురోజుకీ చిక్కిపోతుంటే నేను బ్రెడ్డు ముక్కలు పట్టుకుని వెనకాల తిరిగేవాణ్ణి.

అలాంటప్పుడే పక్కింటి మిసెస్ హువాంగ్ కంచె మీంచి పిలిచింది. కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ, మొహమాటం అనేది ఎరగదు. "మీ ఆవిడ ఎముకల గూడైపోతోంది, తిండి పెట్టడం లేదా?" అని అడిగింది. నాకు సర్రున కోపమొచ్చింది. పెడుతున్నాననీ, కక్కేస్తోందనీ గట్టిగానే చెప్పాను.

"వేడివేడిగా పెడితే వాసన కొట్టదూ? చల్లగా పెట్టు. మా ఊళ్ళో ఎండాకాలం పొయ్యి దగ్గరికి ఎవరెళ్తారు?" అంది. అని ఊరుకోలేదు. ఫ్రిజ్‌లోంచి టోఫూ డబ్బా తీసుకుని సరాసరి మా వంటింట్లోకి వచ్చేసింది.

చూస్తే ఇంతేనా అనిపించింది. మెత్తటి టోఫూ. డబ్బాలో నీళ్ళు వంచేసి, చల్లగా ఉన్నప్పుడే ముక్కలు కొయ్యాలి. సోయా సాస్, కాస్త వెనిగర్, చిటికెడు పంచదార గిన్నెలో కలిపి పైన పొయ్యాలి. ఉల్లికాడలు సన్నగా తరిగి చల్లాలి. చివర నువ్వుల నూనె చుక్కలు వెయ్యాలట కానీ, "మీ ఆవిడకి ఆ వాసన పడదు, మానెయ్" అంది. నేను గరిటె తీసుకుని అంతా ఒక్క కలుపు కలిపాను. అది కాస్తా ఉప్మా అయి కూర్చుంది. "అయ్యో అయ్యో, కలపకూడదయ్యా!" అని ఆవిడ నా చేతిలో గరిటె లాగేసుకుంది.

ఆ ఉప్మానే వేద తింది. మంచం మీద కూర్చుని చెంచాతో మెల్లగా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. కక్కలేదు. "చల్లగా హాయిగా ఉందండీ" అంది. నేను గరాజ్‌లోకి వెళ్ళి, కారు వెనక నిలబడి భోరున ఏడ్చాను. ఆ వారం బరువు నిలిచింది. మందు ఎక్కించారు.

ఇక నాకు ధైర్యం వచ్చేసింది. అతి చెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని రూలు పెట్టాను. వేదకి టోఫూ, నాకు ఎవరైనా ఏదైనా తెచ్చిపెడితే అది. నాలుగు వీధుల అవతల ఉండే సీతారత్నం ఓ రోజు ఘుమఘుమలాడే చారు తెచ్చింది. గుమ్మంలోనే ఆపేశాను.

"తిరగమోత పెట్టిన గిన్నె ఈ గడప దాటడానికి వీల్లేదు సీతారత్నంగారూ. తెస్తే ఒట్టివి తెండి, లేకపోతే మానేయండి."

మంచి మనిషి, చిన్నబుచ్చుకోలేదు. తెలుగువాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నుంచి రోజుకొకళ్ళు డబ్బాలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాళ్ళు. ఒట్టి ముద్దపప్పు, ఉడకేసిన బీరకాయ, ఆవగింజ పడని పెరుగన్నం. ఇల్లంతా ఏ వాసనా లేకుండా శుభ్రంగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వేద మాత్రం టోఫూ తగ్గించేసింది. సగం తిని పక్కన పెట్టేది, తరవాత రెండు ముక్కలతో సరి. గుమ్మంలో బెల్లు మోగిందంటే గోడవైపు తిరిగి పడుకునేది. మళ్ళీ బరువు తగ్గింది, మందు వాయిదా పడింది. నేను అరిచాను కూడా, "నీకేం తక్కువ చేస్తున్నానే?" అని.

జనవరి అంటే ఇక్కడ నడివేసవి. ఓ మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. సీతారత్నం డబ్బాతో వచ్చింది. నేను లేచేలోపు వేద గోడ పట్టుకుని నడిచి గుమ్మం దగ్గరికి వచ్చేసింది. డబ్బా మూత తీసి చూసింది.

"పప్పులో తిరగమోత ఏదమ్మా రత్నం?"

"స్మెల్ పడట్లేదని అన్నయ్యగారు వద్దన్నారు కదా వదినా. అందరికీ చెప్పేశాను, ఎవరూ పెట్టట్లేదు."

వేద నావంక చూసింది. సీతారత్నం వెళ్ళేదాకా ఆగింది. తలుపు వేశాక అడిగింది.

"ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఊరంతా వండి తెచ్చి గుమ్మంలో పెడుతున్నారు. పప్పుకి తిరగమోత ఉండదు. మన వైపు ఇలా ఎవరింట్లో జరుగుతుందో మీకు తెలీదూ?"

తెలియకేం? మా నాన్న పోయినప్పుడు నేను తిన్నది అదే. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు తెచ్చి పెడతారు, మైల తీరేదాకా దేనికీ తిరగమోత పెట్టరు. అన్నీ తెలిసిన వెధవని, ఒక్కసారి కూడా తట్టలేదు. వాసన, వాసన అనుకున్నాను తప్ప, మంచం మీంచి చూసే మనిషికి అది ఎలా కనిపిస్తుందో ఆలోచించలేదు.

"నేనింకా బతికే ఉన్నానండీ" అంది వేద. "పోయాక ఎలాగూ తప్పదు. ఇప్పట్నుంచే నాకు మైలకూడు పెట్టకండి. అది నా గొంతు దిగట్లేదు."

"వాసన పడదని కదే నేను..."

"పడకపోతే కక్కుకుంటాను. మీకేం?"

అక్కడే చెప్పులు విప్పుకునే బల్ల మీద కూలబడి ఇద్దరం ఏడ్చాం. తరవాత తను కళ్ళు తుడుచుకుని, "లేవండి, మూకుడు పెట్టండి" అంది.

వంటింట్లో కుర్చీలో కూర్చుని, ముక్కుకి చీరకొంగు అడ్డం పెట్టుకుని నాకు నేర్పింది. నూనె కాగనివ్వండి. ఇప్పుడు ఆవాలు. చిటపటమన్నాకే మినప్పప్పు, తొందరపడకండి. ఎండుమిరపకాయ తుంచండి. మొదటిసారి మొత్తం మాడ్చేశాను, స్మోక్ అలారం కెవ్వుమని మోగింది. వేద నవ్వింది. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు! రెండోసారి కరివేపాకు కూడా వేసి, చల్లటి టోఫూ మీద పోశాను. చుయ్యిమంది. వేద రెండు ముక్కలు తిని, బాత్రూమ్‌కి వెళ్ళి అంతా కక్కేసింది. నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఇంగువ మర్చిపోయారు. ఇంకో ముక్క పెట్టండి" అంది.

ఆ ముక్క నిలిచింది. మర్నాటి నుంచి పొయ్యి వెలిగింది. మిసెస్ హువాంగ్ వచ్చి తన టోఫూ మీద నల్లటి ఆవాలు చూసి నెత్తి బాదుకుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించి, "ఆమె తింటోంది, అది చాలు" అని వెళ్ళిపోయింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. నా వల్లనా, జబ్బు వల్లనా అని డాక్టర్ని అడిగాను. జబ్బు వల్లే అన్నాడు. ఇక మందు ఎక్కించి లాభం లేదనీ, ఇంట్లోనే ప్రశాంతంగా ఉంచమనీ చెప్పాడు.

ఫిబ్రవరికి వేదకి టోఫూ కూడా దిగడం లేదు. మంచినీళ్ళు చెంచాతో పడుతున్నాను. ఇంక పొయ్యి ఎందుకని నేను ఊరుకుంటే ఊరుకోనివ్వలేదు.

"తలుపు తీసిపెట్టి తిరగమోత వెయ్యండి. తినకపోతేనేం, చప్పుడు వింటాను."

రోజూ పొద్దున పూట వేసేవాణ్ణి. ఆవాలు చిటపటలాడగానే, "వినబడిందా వేదా?" అని వంటింట్లోంచి కేక పెట్టేవాణ్ణి. "మాడ్చకండి" అని గదిలోంచి జవాబొచ్చేది. కొన్నాళ్ళకి అది ఉత్త "ఊఁ" అయింది. ఆ తిరగమోత టోఫూ మీద పోసుకుని, అన్నంలో కలుపుకుని, మంచం పక్కన కూర్చుని నేనే తినేవాణ్ణి. టోఫూ అంటే ఒళ్ళుమండే నేను.

ఆ రోజు పొద్దున పెదాలు తడిపాను. దుప్పటి సర్దాను. తను కళ్ళు తెరిచి నావైపు చూసి, మళ్ళీ మూసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి మూకుడు పెట్టాను. ఆవాలు చిటపటమన్నాయి.

"వినబడిందా వేదా?"

జవాబు రాలేదు. ఇంకాస్త గట్టిగా అడిగాను. రాలేదు. నిద్రపోయుంటుందిలే అని పైకే అనుకున్నాను. నిద్ర కాదని నాకు తెలుసు. గది ఎంతో దూరం లేదు. కానీ వెళ్ళి చూశానంటే ఇక ఈ ఇంట్లో తిరగమోత పెట్టకూడదు. నేను వెళ్ళలేదు. మినప్పప్పు వేసి ఎర్రబడేదాకా నిలబడ్డాను. మిరపకాయ తుంచాను. కరివేపాకు వేశాను. ఇంగువ మర్చిపోలేదు.

"మాడలేదు వేదా!" అని కేకపెట్టి, మూకుట్లో ఇంకాస్త నూనె పోసి, మళ్ళీ ఆవాలు వేశాను.