నెత్తుటి చుక్కలో దారి

జ్వరం పట్టుకున్న మూడో రోజున ఏడేళ్ల రోహిణి నెత్తుటి చుక్కలో ఒక దారి కనబడుతుంది. మైక్రోస్కోపులో చూస్తున్నది ఆమె తల్లి ఇందుమతే. కొండ మీది ఆరోగ్య కేంద్రంలో మలేరియా స్లైడ్లు చూసే ఉద్యోగం ఆమెది. నియమం ప్రకారం జ్వరం ఎవరింటి నుంచి వచ్చిందో కనుక్కుని, ఆ ఇంటి గోడలకు దోమల మందు కొట్టాలి. మొదటి ఇల్లు దొరికితే పిల్లకు జ్వరం దిగుతుందని ఫారంలోనే అచ్చయి ఉంది. అచ్చయినదాన్ని ఇందుమతి ఎన్నడూ అనుమానించలేదు.

మందు పంపు భుజాన వేసుకుని, చెప్పులు విప్పి, ఆమె స్లైడు మీదకు దిగుతుంది.

దారికి ఒక పక్కనే ఇళ్లున్నాయి. గోడల మీద మలేరియా వాళ్లు వచ్చి వెళ్లిన తేదీలు వరసగా రాసి ఉన్నాయి. మొదటి ఇంట్లో, ఎప్పుడో పోయిన అమ్మమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది.

"నీకిది ఎవులిచ్చేరు, అమ్మమ్మా?"

"మాయమ్మ. ఆవిడికి ఆవిడమ్మ. ఇలాగే తిన్నగా ఎల్లు. పిల్లకెలాగుంది?"

"మాత్ర మింగితే కక్కేత్తంది."

ఎవరిని అడిగినా ముందింటి వైపే చెయ్యి చూపిస్తారు. ఇందుమతికి లోలోపల హాయిగానే ఉంది. తప్పు తన గడప దాటి ఎంత దూరం పోతే అంత మంచిది కదా. మందు కొట్టిన గోడ అలకొద్దని ఊరందరికీ చెప్పే మనిషే, కొత్త పంట తినే కొత్తల పండగకు చుట్టాలొస్తారని, ఆ తెల్లటి చారలు బాగాలేవని, తన గోడను ఎర్రమట్టితో శుభ్రంగా అలికేసింది. మందంతా మట్టి కిందకు పోయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

పోనుపోను ఇళ్లు పొట్టివవుతాయి. గోడలు కొమ్మలవుతాయి. ఆఖరి కొమ్మల గూట్లో ఒక ఆడ గొరిల్లా పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"మనుసుల్లోకి ఇది మీ ఇంటికాణ్నించే వచ్చిందంట," అంటుంది ఇందుమతి.

"ఒక్క దోమ, ఒక్కపాలి," అని గొరిల్లా ఒప్పుకుంటుంది. "మేం పంపలేదమ్మా. మాకూ ఎవులో ఇచ్చేరు. మాత్రలున్నాయా?"

జేబులో ఒక్క పిల్లకు సరిపడా ఉన్నాయి. ఇందుమతి లేవంటుంది. గొరిల్లా నమ్మి తల ఊపి, రక్తం తీసుకోమని పిల్ల వేలు చాపుతుంది. ఆ వేలు అచ్చం రోహిణి వేలే. సూది గుచ్చడానికి చెయ్యి రాక ఇందుమతి నడక సాగిస్తుంది. అంత సిగ్గు ఆమెకు జన్మలో కలగలేదు.

దారి ఒక మడుగు దగ్గర ఆగిపోతుంది. నీళ్లలో ఆవగింజలో సగమంత పచ్చటి నాచు చుక్క తేలుతోంది.

"మొదటి ఇల్లు నువ్వేనా?"

"నానే. జొరం కాకముందు నాకు నెత్తురంటే తెల్దు. ఎండ తిని బతికేదాన్ని."

"గోడలేవి? మందు కొట్టాల."

"నాకు గోడల్లేవు." చుక్క ఒడ్డు వైపు తేలి వస్తుంది. "నువ్వొచ్చిన దారంతా చూసేను. మందు కొట్టినాక అలికిన గోడ ఒక్కటే ఉంది."

ఇందుమతి పంపు దించి నేల మీద కూలబడి ఏడుస్తుంది. ఇంక వెనక్కి పోయి అడగడానికి ఎవరూ లేరు.

అంతలో రోహిణి అదే దారిన నడిచి వస్తుంది. ఒళ్లంతా వరినారు రంగు.

"అమ్మా, ఇంక ఆకలెయ్యదే," అంటుంది.

మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఎండకు మొహం పెట్టి, నోరు మూసుకుంటుంది. పెదవులు రెండూ అతుక్కుపోయి గీతైనా మిగలదు. ఇందుమతి జేబులోని మాత్రలు తీసి, నోరెక్కడుందోనని వేలితో తడిమి తడిమి చూస్తుంది. దొరకదు.

పొద్దు కొండ వైపు వాలుతోంది. తన నీడ కూతురి మీద పడుతోందని గమనించి ఇందుమతి పక్కకు జరుగుతుంది. మళ్లీ జరుగుతుంది. గట్టు మీదంతా ఎండ కాస్తోంది, నీడ మాత్రం రోహిణి మీదే ఉంది.