బెంచీ మీద చెప్పులు

ఇంట్లో కుట్టుమిషన్ నడుపుకునే కోడలు, పంతులమ్మగా రిటైరైన అత్తగారిని వెంటబెట్టుకుని ఆ రేవు పట్నం చూడడానికి వచ్చింది. మోకాళ్లు సహకరించక అత్తగారు గట్టున ఉన్న బెంచీ మీద కూలబడితే, కోడలు ఒక్కతే లైట్‌హౌస్ ఎక్కి, రంగురంగుల పడవలను కళ్లారా చూసి దిగింది. తీరా వచ్చేసరికి బెంచీ మీద మనిషి లేదు, చెప్పులు మాత్రం ఉన్నాయి. పక్కనే లోతైన నీళ్లు. ఆమె "అత్తయ్యా!" అని అరుస్తూ గట్టు పొడవునా పరుగెత్తింది.

"ఇక్కడే ఉన్నా, ఎందుకే ఆ కేకలు?" అని ఒడ్డుకు లాగిన ఓ పడవ చాటు నుంచి వినిపించింది. అత్తగారు వట్టి కాళ్లతో నిలబడి, పడవ మీద పేరు రాస్తున్న పెయింటరు చేత ఒత్తులు దిద్దిస్తోంది.

"మరి ఆ చెప్పులేంటి?"

"బెంచీ ఎవరూ ఆక్రమించకుండా పెట్టి వచ్చా. తప్పు కళ్లబడ్డాక ఊరుకోగలనా?"

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తిట్టబోయి నవ్వేసింది. ఆ ఇసుకలోనే చతికిలబడింది గానీ, పట్టుకున్న అత్తగారి చెయ్యి మాత్రం వదల్లేదు.

పెయింటరు చెమట తుడుచుకుని, "సమయానికి వచ్చావు తల్లీ, చెరిపించడం ఇది మూడోసారి" అన్నాడు.