దారాన్ని తోసిన బరువు

నేను ఒక స్ప్రింగును. పాత మోటారు సైకిలు ముందు ఫోర్కులో, కుడివైపు గొట్టంలో, నూనెలో నానుతూ బతికాను. ఎడమవైపు గొట్టంలో నా జోడు ఉండేది. గుంతలో పడితే తిట్లు మున్సిపాలిటీకి, కుదుపు లేకపోతే పొగడ్తలు సీటుకి. దెబ్బలు మాత్రం మావి. మేమంటూ ఉన్నామని మనుషులకు మేం పాడైతే గానీ గుర్తు రాదు.

బండి కొన్న భీమేశ్వరరావు భారీ మనిషి. ఆయన ఎక్కితే నేను సగానికి కుంగేదాన్ని. భార్య నూకరత్నం చింతపల్లిలో నర్సు. ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని రోజూ నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కేవాడు. ఒంటరిగా ఎక్కడికీ పంపేవాడు కాదు. అదంతా ప్రేమేననేవాడు. సగం నిజమే.

గుండె ఆగి ఆయన పోయాక ఆవిడ బండి నేర్చుకుంది. బక్కపల్చని మనిషి, ఇక నాకు హాయే అనుకున్నాను. కానీ ఆవిడ ఎక్కగానే నేను మునుపట్లాగే సగానికి కుంగాను. ఆ బరువు ఎవరిదో నాకు తెలుసు. భయం వేసింది, చెప్పుకుందామంటే నోరు లేదు.

రోజురోజుకూ ఆ బరువు పెరిగింది. మొన్న ఘాట్ దిగుతుంటే, ఆవిడ బ్రేకు ముట్టుకోకుండానే, లోయవైపు మలుపులో బండి ముందుభాగం అమాంతం కిందికి మునిగింది. పిట్టగోడను రాసుకుంటూ ఆగింది. ఆవిడ దాన్ని మెల్లగా మెకానిక్ అప్పలసూరి షెడ్డు దాకా తెచ్చింది.

"ఆయిలు డికాషన్లాగయిపోనాదమ్మా. స్ప్రింగులు సచ్చిపోనాయి. మొత్తం మార్సీయాల" అన్నాడతను. ఎంత కుంగుతోందో కొలవడానికి, మెరిసే గొట్టం చుట్టూ అడుగున ఒక దారం కట్టి, అన్నానికి కూర్చున్నాడు. బండి కుంగితే కింది గొట్టం ఆ దారాన్ని పైకి తోస్తుంది. తిరిగొచ్చేసరికి దారం బెత్తెడు పైకి పోయి ఉంది.

"నువ్వేటైనా బండెక్కేవా అమ్మా?"

"నీ ఎదరే కూకున్నాను కదా సూరీ!"

అతను దారాన్ని మళ్ళీ కిందికి దింపాడు. ఇద్దరూ చూస్తుండగానే, ఎవరూ ఎక్కని బండి మెల్లగా కుంగింది. దారం పైకి జరిగింది.

నూకరత్నం అరవలేదు. హ్యాండిల్ పక్కన నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఏటండీ, నన్ను కూడా అట్టుకెళిపోదారనుకుంటన్నారా? నాను రాను. కొండమీద పురుళ్ళు ఎవరు సూస్తారు? రానండీ." అప్పలసూరి వైపు తిరిగి, "ఇప్పీయ్ బాబూ" అంది.

చక్రం ఊడదీశాడు. నల్లటి నూనె పళ్ళెంలోకి కారింది, కుళ్ళు వాసన కొట్టింది. మమ్మల్ని బయటికి లాగి కొత్త ఆయిల్ సీళ్ళు, కొత్త నూనె, మాకంటే గట్టి స్ప్రింగులు వేశాడు. మళ్ళీ దారం కట్టి ఎంతసేపు చూసినా అది కదల్లేదు. ఆవిడ ఏడుస్తూనే కిక్కు కొట్టి వెళ్ళిపోయింది. నా ఉద్యోగం పోయినా నాకు ఎంత సంతోషం వేసిందో!

ఇప్పుడు షెడ్డు వెనక తుక్కులో ఉన్నాను. నా జోడు పక్కనే నిటారుగా నిలబడి ఉంది. నేను మాత్రం చుట్టలన్నీ ఒకదాన్నొకటి తాకేంతగా కుంగిపోయి ఉన్నాను. చూసేవాళ్ళకు నా మీద ఏమీ కనబడదు. ఆయన కూర్చుని ఘాట్ వైపే చూస్తున్నాడు. లేవాలని పెనుగులాడుతున్నాడు, నా నుంచి విడిపడలేకపోతున్నాడు. నేనూ వదలడం లేదు.

రేపు తుక్కు లారీ వస్తుందట. నన్ను కొలిమిలో కరిగిస్తారు. ఆ తర్వాత ఆయన్ని పట్టుకునేవాళ్ళు ఉండరు. నూకరత్నానికి రేపు కూడా కొండమీదే డ్యూటీ.